జానెట్ కార్టర్ ఇంటి దారిలో ఆటోహార్ప్ నేర్చుకున్నాను

కంట్రీ పాట అనగానే మనవాళ్లకు పెద్ద అంచుల టోపీ, మెరిసే గిటారు, నాష్‌విల్ వేదికలు గుర్తొస్తాయి. నేను ఆ పాట నేర్చుకున్న చోటు నాష్‌విల్‌కు కారులో నాలుగున్నర గంటల దూరం. వర్జీనియా కొండల్లో ఒక ఇంటి వంటగది అది. ఆటోహార్ప్ అనే తీగల వాద్యం పట్టుకున్నదీ అక్కడే. నేర్పిన పెద్దావిడకు డెబ్భై దాటాయి. ఆవిడ పేరు ఏ రికార్డు మీదా ఉండదు. కానీ చుట్టుపక్కల లోయల్లో ఎవరింట్లో చావు జరిగినా, పెళ్లి జరిగినా ముందు ఆవిడకే ఫోను చేస్తారు.

మేముండేది టెనెసీ రాష్ట్రం ఈశాన్య మూలన ఉన్న కింగ్స్‌పోర్ట్‌లో. మా ఆయన ఇక్కడి రసాయనాల ఫ్యాక్టరీలో ఇంజనీరు. పిల్లలిద్దరూ చదువులకు వెళ్లిపోయాక ఇంట్లో చప్పుడు తగ్గింది, నా గొంతు కూడా మూగబోయింది. పెళ్లికి ముందు గుడివాడలో కొన్నేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను. కృతుల దాకా వెళ్లాను. తర్వాత పండగలకు హారతి పాట, పిల్లలకు జోలపాట, అంతే. అలాంటి రోజుల్లో మా ఆయన ఆఫీసులో ఒకాయన, “ఒక శనివారం కార్టర్ ఫోల్డ్‌కి వెళ్లి చూడండి” అన్నారు.

వర్జీనియాలో హిల్టన్స్ అనే చిన్న ఊరి దగ్గర, క్లించ్ పర్వతం కింద ఉంటుంది ఆ ఫోల్డ్. జానెట్ కార్టర్ అనే ఆవిడ మొదలుపెట్టిన పాటల శాల అది. మా ఇంటి నుంచి అరగంట ప్రయాణం. దాన్ని కొండ వాలులోకి దిగేలా కట్టారు. ఎనిమిది వందల మందికి పైగా కూర్చోవచ్చు. ముందు చిన్న వేదిక, దాని ముందు నాట్యం చేసే చెక్క నేల. శనివారం రాత్రుళ్లు పాట ఉంటుంది. మందు ఉండదు, సిగరెట్ పొగ ఉండదు. వేదిక మీద కరెంటు గిటారు కూడా ఉండదు. ఫిడేలు, బాంజో, గిటారు, మాండొలిన్, మధ్యలో నిలబెట్టిన పెద్ద బేసు మాత్రమే. పాట మొదలైందో లేదో మనవరాలి వయసు పిల్లలు, తాతలు, భార్యాభర్తలు లేచి ఆ చెక్క నేల మీదకు వెళతారు. బూట్ల అడుగున ఇనుప రేకులు కొట్టించుకుని మరీ వస్తారు కొందరు. ఆ అడుగుల చప్పుడే అక్కడ తాళవాద్యం. నేను మొదటిసారి వెళ్లినప్పుడు పాటలోని మాటలు సగం అర్థం కాలేదు. కానీ మూడు తరాలు ఒకే పాటకు లేచి ఆడటం చూసి కదలకుండా కూర్చుండిపోయాను.

పక్కనే ఒక పాత కిరాణా కొట్టు ఉంది. ఇప్పుడది మ్యూజియం. జానెట్ తండ్రి, తొలితరం కంట్రీ గాయకుల్లో ఒకడైన ఏ.పి. కార్టర్ నడిపిన కొట్టు అది. ఆయన పుట్టిన దుంగల ఇల్లు కూడా ఆ ఆవరణలోకే తెచ్చి నిలబెట్టారు. అక్కడి ఫొటోలు చూస్తూ, ఆ తర్వాత దొరికినవన్నీ చదువుతూ ఆ కుటుంబం కథ తెలుసుకున్నాను.

1927 వేసవిలో విక్టర్ అనే గ్రామఫోను రికార్డుల కంపెనీ తరఫున రాల్ఫ్ పీర్ అనే ఆయన రికార్డింగు సామగ్రి మోసుకుని బ్రిస్టల్ వచ్చాడు. బ్రిస్టల్ ఇక్కడికి దగ్గరే. దాని ప్రధాన వీధి మధ్యలోంచి రెండు రాష్ట్రాల సరిహద్దు పోతుంది, ఒక పక్క టెనెసీ, మరో పక్క వర్జీనియా. పాడగలిగిన వాళ్లు రావచ్చని కబురు పెడితే కొండల్లోంచి జనం కదిలారు. ఏ.పి. కార్టర్ తమ్ముడి కారు అరువు తీసుకుని తన భార్య సారానూ, మరదలు మేబెల్‌నూ ఎక్కించుకుని బయలుదేరాడు. కారు ఇచ్చినందుకు తమ్ముడి మొక్కజొన్న చేలో కలుపు తీస్తానని మాటిచ్చాడట. మేబెల్‌కు పద్దెనిమిదేళ్లు, నిండు గర్భిణి. సారా ఒళ్లో ఆరు నెలలు కూడా నిండని పిల్లవాడు, జో. వాడిని ఆడించడానికి ఎనిమిదేళ్ల పెద్దకూతురు వెంట వచ్చింది. ఆగస్టు 1, 2 తేదీల్లో ఆరు పాటలు పాడారు. పాటకు యాభై డాలర్లు. ఆ నెలాఖరు దాటకముందే పొలం పనుల్లో పడిపోయిన ఆ ముగ్గురి గొంతులే ఆ తర్వాత దేశమంతా గ్రామఫోన్లలో వినిపించాయి. చంకలో పిల్లతో, కడుపులో బిడ్డతో వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు పాడిన పాటల మీద ఇంత పెద్ద కంట్రీ సంగీతం నిలబడి ఉందంటే నాకు ఎంత చెప్పినా తనివి తీరదు.

ఆ పాటలన్నీ వాళ్లు సొంతంగా కట్టినవి కావు. ఏ.పి. ఊరూరా తిరిగి, ఇళ్లలో ముసలమ్మలు పాడేవి పోగుచేసేవాడు. ఆయన వెంట మా కింగ్స్‌పోర్ట్‌లో ఉండే లెస్లీ రిడిల్ అనే నల్లజాతి గిటారు కళాకారుడు వెళ్లేవాడు. ఏ.పి. మాటలు రాసుకుంటే, రిడిల్ వరస గుర్తుపెట్టుకునేవాడు. మేబెల్ గిటారు వేళ్ల పనిలో కొంత ఆయన దగ్గర నేర్చుకున్నదే. ఈ పేరు చాలామందికి తెలియదు. మా ఊరివాడని గర్వంగా చెప్పుకుంటాను.

ఇక జానెట్. ఏ.పి., సారాల కూతురు. 1923లో పుట్టింది. తల్లిదండ్రులు విడిపోవడం చూసింది. సారా మళ్లీ పెళ్లి చేసుకుని కాలిఫోర్నియా వెళ్లిపోయింది. తండ్రి ఈ లోయలోనే కొట్టు పెట్టుకుని మిగిలాడు. జానెట్ చిన్నప్పుడు ఇంటివాళ్లతో కలిసి టెక్సస్ సరిహద్దు రేడియోలో పాడింది. తర్వాత పెళ్లి, పిల్లలు, సంసారం. 1960లో తండ్రి పోయేముందు, తన పాటను నిలబెట్టమని కూతురిని అడిగాడు. సరేనంది. పిల్లల్ని పెంచుకుంటూనే ఆ మాట గుర్తు పెట్టుకుంది. 1974లో తండ్రి కొట్టులోనే శనివారం పాటలు మొదలుపెట్టింది. జనం పట్టక ఫోల్డ్ కట్టాల్సి వచ్చింది. కట్టింది ఎవరనుకున్నారు? బ్రిస్టల్ రికార్డింగుకు తల్లి చంకలో వెళ్లిన తమ్ముడు జో. ఇరుగుపొరుగు చేయి వేశారు. మేబెల్ కూతురు జూన్‌ను పెళ్లాడిన జానీ క్యాష్ అంతటి గాయకుడు కూడా జనం ముందు తన చివరి పాట 2003 జులైలో, భార్య పోయిన దాదాపు రెండు నెలలకు, ఈ వేదిక మీదే పాడాడు. జానెట్ 2006 జనవరిలో పోయింది. ఇప్పుడు ఆవిడ కూతురు చూసుకుంటోంది.

జానెట్ వాయించినది ఆటోహార్ప్. నన్ను పట్టుకున్నది ఆ వాద్యమే. చూడటానికి మన స్వరమండల్‌కు దగ్గరి చుట్టం. ముప్ఫై ఆరు తీగలు, వాటి మీద అడ్డంగా మీటల వరస. ఒక మీట నొక్కితే దాని కింద అంటించిన ఫెల్ట్ బట్ట ముక్కలు ఆ మేళానికి (కలిసి మోగే స్వరాల గుంపు, ఇంగ్లీషులో కార్డ్) అక్కరలేని తీగలను మూసేస్తాయి. మిగిలినవి మాత్రమే మోగుతాయి. అంటే వేలు పెట్టి ఎంచుకునేది మోగే స్వరాలను కాదు, మోగకూడని స్వరాలను. ఒక శనివారం పక్క కుర్చీలో కూర్చున్న పెద్దావిడను ఆ వాద్యం గురించి అడిగాను. “నా దగ్గర రెండున్నాయి. ఒకటి ఎవరూ ముట్టక దుమ్ము పట్టింది. మంగళవారం రా” అంది.

మంగళవారాలు అలా మొదలయ్యాయి. వాళ్ల ఇల్లు రోడ్డు మీద నుంచి కనిపించదు, వాగు దాటి పైకి వెళ్లాలి. ఆవిడ భర్త బొగ్గు గనిలో పనిచేసి రిటైరైన మనిషి. బొగ్గు ధూళి ఊపిరితిత్తుల్లో పేరుకుని, ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతో పక్క గదిలో కుర్చీలో ఉండేవాడు. మాటలు తక్కువ. కానీ నేను లయ తప్పితే చేతికర్రతో నేల మీద తట్టేవాడు. సరిగ్గా ఎక్కడ తట్టాలో అక్కడ. మా గుడివాడ మాస్టారి తాళం కంటే ఆ కర్ర ఖచ్చితంగా ఉండేదని చెప్పగలను.

మొదటి పాఠాలన్నీ శ్రుతి చేయడమే. ముప్ఫై ఆరు తీగలు శ్రుతి చేయడమంటే ఓపికకు పరీక్ష. కింది తీగ బిగిస్తే పలక మీద బరువు మారి పై తీగ జారుతుంది. ఆ కొండల్లో వేసవిలో గాలి తడిగా ఉంటుంది, చెక్క ఉబ్బుతుంది. చలికాలం హీటరు వేస్తే ఎండిపోతుంది. వారం వారం మళ్లీ మొదటికే. ఫోనులో శ్రుతి చూపించే యాప్ ఉంది కానీ, ఆక్సిజన్ మిషన్ హోరుకు దాని ముల్లు నిలిచేది కాదు. అందుకని వాద్యం పట్టుకుని వరండాలోకి వెళ్లి చేసుకునేవాళ్లం. నడిమి తీగల నుంచి మొదలుపెట్టి అటూ ఇటూ పోవాలనీ, తీగలు బిగించే తాళంచెవిని తిప్పడం కాకుండా మోపినట్టు కదపాలనీ ఆవిడ అక్కడే నేర్పింది. కొన్నాళ్లకు ఫోను లోపలే వదిలేసి చెవితో చేయడం వచ్చింది. చిన్నప్పుడు తంబూరా పట్టుకున్న చెవి కదా, అంత తొందరగా మరిచిపోదు.

వాయించేటప్పుడు దాన్ని నిలువుగా గుండెకు ఆనించుకుని, ఎడమ చేత్తో మీటలు, కుడిచేత్తో తీగలు. బొటనవేలికి ప్లాస్టిక్ తొడుగు, చూపుడువేలికీ నడిమివేలికీ లోహపు తొడుగులు. బొటనవేలు కింది మందపు తీగను తాకి పైకి సాగాలి, అదే క్షణంలో వేళ్లు పైనున్న రాగం స్వరాన్ని గిల్లాలి. రెండూ కలిస్తే ఒక్క మనిషి వాయిస్తున్నట్టు అనిపించదు. వాద్యం గుండె మీద ఉంటుంది కాబట్టి ఆ మోత చెవికంటే ముందు పక్కటెముకలకు తెలుస్తుంది. ఆవిడ వాద్యం మీద జి, సి, డి మీటల మీద రాసిన అక్షరాలు పూర్తిగా చెరిగిపోయాయి, మిగతావి కొత్తగా ఉన్నాయి. ఆ ఊరి పాటల్లో చాలావాటికి ఆ మూడే చాలు.

గొంతు మాత్రం నన్ను కష్టపెట్టింది. కర్ణాటక సంగీతంలో స్వరాన్ని ఊరికే నిలబెట్టడం తక్కువ. దానికి ఊపు ఉండాలి, జారు ఉండాలి. ఇక్కడ గొంతు గీత గీసినట్టు నిటారుగా పోవాలి. నేను ఎక్కడ ఒక చిన్న గమకం వేసినా ఆవిడ వేలెత్తేది. “అక్కడ అలంకారం వద్దు. చెప్పేది చావు గురించి. మాట వినపడనీ” అనేది. నిజమే, ఆ పాటల్లో విషయం పెద్దది. పోయిన తల్లి, దూరమైన ఇల్లు, రైలెక్కి వెళ్లిపోయిన వాడు, కొండ మీద సమాధి. మాట చివర ఊపిరి తెగేలా ఆపడం, పాదానికీ పాదానికీ మధ్య వాద్యానికి చోటివ్వడం, బాధను గొంతులో చూపించకుండా కథను కథగా చెప్పడం నాకు కొత్త విద్య. నెలల తరబడి ఒకే పాట పాడాను. ఒక మంగళవారం ఆవిడ ఏమీ అనకుండా రెండో గొంతు కలిపింది. అప్పుడు అర్థమైంది, పాట కుదిరిందని.

ఆవిడ పాటలన్నీ ఒక నోటు పుస్తకంలో ఉన్నాయి. అట్ట ఊడిపోతే గోధుమరంగు కాగితంతో కుట్టుకుంది. అమ్మమ్మ చెప్పిన పాటలు, అత్తగారి పాటలు, పిల్లలు పుట్టిన తేదీలు, మొక్కజొన్న రొట్టె కొలతలు, ఒక చోట డాక్టరు నంబరు. మా అమ్మకూ అలాంటి పుస్తకమే ఉండేది. మంగళహారతులు, నలుగు పాటలు, అప్పగింతల పాటలు, వెనకపేజీల్లో పాల లెక్క. మా వీధిలో ఏ పెళ్లి జరిగినా అప్పగింతల వేళకు అమ్మను పిలుచుకు వెళ్లేవాళ్లు. పాడి ఏడిపించి, తనూ ఏడ్చి, ఇంటికొచ్చి వంట చేసేది. ఆమెను గాయని అని ఎవరూ అనలేదు. నాకూ అనిపించలేదు అప్పట్లో.

వయసులో ఉండగా ఒక బృందం వాళ్లు మా పెద్దావిడను తమతో ఊళ్లు తిరగమని అడిగారట. అప్పుడు పిల్లలు చిన్నవాళ్లు, అత్తగారు మంచం మీద ఉంది. వెళ్లలేదు. “తర్వాత ఎప్పుడైనా బాధ అనిపించిందా మీకు?” అని అడిగాను. చిక్కుడుకాయలు ఒలుస్తోంది. తల ఎత్తకుండానే అంది: “బాధ ఎందుకు? నేను పాడటం మానలేదుగా.”

ఇలాంటి ఆడవాళ్ల గురించి రాసేవాళ్లు త్యాగం అని రాస్తారు. కుటుంబం కోసం కళను వదులుకుందంటారు. నేను దగ్గర నుంచి చూశాను కాబట్టి ఆ మాట ఒప్పుకోను. ఆవిడ రోజూ పాడింది. పిల్లలకు స్నానం చేయిస్తూ పాడింది, అత్తగారి చివరి రాత్రి పాడింది, భర్త దగ్గుతో నిద్రపట్టని రాత్రుళ్లు ఇప్పటికీ పాడుతోంది. వేదికెక్కే గాయకులకు ఇంతమంది శ్రోతలు ఇంత అవసరంలో దొరుకుతారా? జానెట్ విషయంలోనూ అంతే. తండ్రికిచ్చిన మాట, తమ్ముడి వడ్రంగం, తన పిల్లలు, ఇవేవీ లేకుండా ఫోల్డ్ లేదు. ఫోల్డ్ లేకపోతే ఆ పాట మ్యూజియం అద్దాల వెనక ఉండేది.

నేను నలుగురిలో మొదట పాడింది వాళ్ల కుటుంబ శ్మశానంలో. అపలాచియన్ కొండల్లో డెకరేషన్ డే అని ఒక ఆచారం ఉంది. వేసవి మొదట్లో ఒక ఆదివారం బంధువులంతా ఎక్కడెక్కడి నుంచో వచ్చి తమవాళ్ల సమాధులు శుభ్రం చేస్తారు, గడ్డి కోస్తారు, పూలు పెడతారు. ప్రార్థన, పాట, ఆపైన చెట్ల కింద బల్లలు వేసి భోజనం. మన పెద్దల పండగ గుర్తొచ్చింది నాకు. నేను పులిహోర చేసి తీసుకెళ్లాను, గిన్నె ఖాళీగా తిరిగి వచ్చింది. ఆవిడ భర్తను మనవళ్లు కుర్చీతో సహా ఎత్తి కొండమీదకు తెచ్చారు. చేతికర్ర వెంటే ఉంది. ఆవిడ ఒక వాద్యం, నేనొకటి. ఆవిడ పాడింది, నేను పైగొంతు కలిపాను. రెండో చరణానికి అక్కడున్న వాళ్లంతా అందుకున్నారు. చిన్నపిల్లలకు సైతం మాటలు నోటికి వచ్చు.

తిరిగి వచ్చాక ఆవిడ అడిగింది, “మీ అమ్మ పాట ఒకటి పాడు” అని. అప్పగింతల పాట పాడాను. ఆటోహార్ప్ మీద పెట్టబోతే కుదరలేదు. మన పాటకు మేళాలు మారే అవసరం లేదు, సా–పా ఉంటే చాలు. జి మీట నొక్కితే సా, పాలతో పాటు అంతర గాంధారం కూడా మోగి పాటతో పోట్లాడుతోంది. ఆవిడ కాసేపు విని, నా చెయ్యి పక్కకు జరిపి, జి మేజర్ మీటనూ జి మైనర్ మీటనూ రెండు వేళ్లతో ఒకేసారి నొక్కింది. ఒక మీట ఒక గాంధారాన్ని మూసింది, రెండోది రెండో గాంధారాన్ని మూసింది. మిగిలినవి షడ్జమం, పంచమం. మా మాస్టారు నాకు పెట్టిన ఐదు శ్రుతి అక్షరాలా అదే. గుండె మీద తంబూరా మోగింది. పక్క గదిలో కర్ర తట్టలేదు. ఆ పాటకు తాళం ఉండదని ఆయనకు ఎవరూ చెప్పలేదు, విన్నాడంతే. మా అమ్మ పాటిప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో ఆవిడ నోటు పుస్తకంలో ఉంది, రొట్టె కొలతల ఎదుటి పేజీలో. గమకాలు ఉన్నచోట చిన్న అలల గీతలు గీసుకుంది.

ఈ దారిలో వచ్చే తెలుగువాళ్లుంటే ఒక శనివారం ఫోల్డ్‌కు వెళ్లండి. నాక్స్‌విల్ నుంచి రెండు గంటల ప్రయాణం ఉండవచ్చు. పెద్దవాళ్లను, పిల్లలను వెంట తీసుకెళ్లండి, అది కుటుంబాల చోటు. ముందే వెళ్లి కొట్టు మ్యూజియం చూసి, లోపల దొరికే ఉడికించిన చిక్కుడుగింజలు, మొక్కజొన్న రొట్టె తినండి. కాస్త పచ్చిమిరపకాయ వెంట ఉంటే ఇంకా బాగుంటుంది. ఎవరైనా చెయ్యి చాచి నాట్యానికి పిలిస్తే కాదనకండి. అక్కడ అడుగులు రాని వాళ్లకు పక్కవాళ్లే నేర్పుతారు.